హార్మోనియం ఆయన పేరు

ఈమధ్య తిరుపతిలో కొద్దిమంది మిత్రులం కూర్చుని ‘లీవింగ్ హోమ్’ చూశాం. 1990లో ఢిల్లీలో పుట్టిన ఇండియన్ ఓషన్ అనే రాక్ బృందం మీద జైదీప్ వర్మ తీసిన డాక్యుమెంటరీ అది. 2010లో థియేటర్లలో ఆడింది, జాతీయ అవార్డు తెచ్చుకుంది. సినిమా అయ్యాక ఓ డిగ్రీ పిల్లోడు “మనకి ఇట్లాంటి బ్యాండు ఒకటీ లేదా సార్?” అన్నాడు. బ్యాండంటే మన దగ్గర పెండ్లి ఊరేగింపు మేళమే కాబట్టి అందరూ నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. అంతకు వారం ముందే మా చేతికొక ఫారం వచ్చింది.

ఆ సంగతి తర్వాత. ఈ సినిమా సంగీతం గొప్పదనం మీద ఉపన్యాసం దంచదు. నలుగురు మనుషుల్ని మన ముందు కూర్చోబెడుతుంది. కరోల్‌బాగ్‌లో వాళ్లు సాధన చేసుకున్న పాత ఇల్లు, చేతిలో డబ్బుల్లేని ఏళ్లు, ఎవరు ఎప్పుడు వచ్చి చేరారన్న లెక్క. తబలా వాయిస్తూ పాడే అసీమ్ చక్రవర్తి 2009 డిసెంబరులోనే పోయాడు. విడుదల నాటికి లేని ఆ మనిషి తెర మీద నవ్వుతుంటే గొంతుకేదో అడ్డం పడుతుంది. వీధి నాటకాల సఫ్దర్ హష్మీ స్మృతిలో జరిగిన కచేరీయే వాళ్ల రెండో ఆల్బం ‘డెజర్ట్ రెయిన్’ అయింది. వీధి నాటకం అంటే వాళ్లకున్న గౌరవం మనకే లేకపోయింది.

మా చిత్తూరు జిల్లా 2022లో మూడు ముక్కలైంది గానీ వీధి నాటకంగా భారతం ఆడేవాళ్లకు ఆ సరిహద్దులు పట్టవు. శివరాత్రి దాటితే చాలు, ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల ముందు పద్దెనిమిది రోజుల కొలువు. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. భీముడు బండెక్కి బకాసురుడి తిండితో వీధులు తిరుగుతాడు. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. బిడ్డలు లేని ఆడవాళ్లు పైనుంచి విసిరే నిమ్మకాయ కోసం కింద కొంగు పట్టుకుని ఉంటారు. ఆఖరున మట్టి దుర్యోధనుడి తొడ పగులుతుంది, ద్రౌపది జుట్టు ముడుస్తుంది.

దీని మీద వీడియోలు లేవా? కావలసినన్ని. అన్నీ ఒకే మూసలో పోసినవి. రంగు పూసుకునే చేయి, భుజకీర్తులు, కిరీటం, వెనక నుంచి ఓ బరువైన గొంతు: “అంతరించిపోతున్న...” మృదంగం ఆయన ఎవరు? ద్రౌపది వేషం కట్టే మనిషి మిగతా నెలల్లో ఏం పని చేస్తాడు? పంపకంలో తగాదా వచ్చి మేళం చీలిందా? ఏ ఊళ్లో చదివింపులు ఎక్కువ? అడిగిన పాపాన పోరు.

మా కోపం ఇదే. రాక్ బృందానికి జీవితం ఉంటుంది, మన మేళానికి వయసొక్కటే ఉంటుంది. 1969 జనవరిలో బీటిల్స్ పాటలు కట్టిన రోజుల్ని పీటర్ జాక్సన్ 2021లో దాదాపు ఎనిమిది గంటల సినిమాగా ఇస్తే కన్నార్పకుండా చూశాం కదా! టీ తాగడం, విసుక్కోవడం, జార్జ్ హారిసన్ లేచి వెళ్లిపోవడం అన్నీ ముద్దొచ్చాయి. మన మేళం పద్దెనిమిది రాత్రుల పనిని మాత్రం మూడు నిమిషాల్లో పాతిపెట్టి వస్తాం. బతికున్నవాళ్ల ఎదుట నిలబడి సంతాప తీర్మానం చదవడం ఏ ఊరి మర్యాద? కథకుడు నామిని ‘అంతరించిపోతున్న సేద్యగాడు’ అని రాసుంటే ఎవరు చదివేవాళ్లు? ఆయన సినబ్బ అనే మనిషిని రాశాడు.

జానపదం సమష్టి సొత్తు, వ్యక్తుల పేర్లు ఎత్తితే చెడుతుందంటారు కొందరు పండితులు. ఆ మాట రాసిన వ్యాసాల కింద వాళ్ల పేర్లు మాత్రం బొద్దు అక్షరాల్లోనే ఉంటాయి.

ఇక ఆ ఫారం. చిత్తూరు పక్కన ఒక మేళంతో సీజనంతా తిరిగి చిత్రీకరిస్తాం, సాయం చేయండని ఒక కార్యాలయానికి రాశాం. జవాబుగా వచ్చిన కాగితంలో గడులు ఇవి: కళారూపం పేరు, ఎన్నేళ్ల నాటిది, మిగిలిన కళాకారుల సంఖ్య, అంతరించడానికి కారణాలు. మేళం పేరుకు గడి లేదు. కళారూపం పేరు అన్నచోట హార్మోనియం ఆయన పేరు, ఇంటిపేరుతో సహా రాశాం. కారణాలు అన్నచోట ‘ఈ రాత్రి ఆట ఉంది’ అని రాసి పంపాం. ఇంకా జవాబు రాలేదు.