ముగ్గులో చుక్కలు, ల్యాప్‌టాప్‌లో చుక్కలు

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ల్యాప్‌టాప్ తెర ఎలాంటిది కొనాలన్న విషయం మీద ఈ శీర్షికలో రాస్తానని నేను కలలో కూడా అనుకోలేదు. కందిపప్పు ఏది త్వరగా ఉడుకుతుందో, కుక్కర్ రబ్బరు ఎప్పుడు మార్చాలో అడగండి, చెబుతాను. కానీ పోయిన మాఘమాసం పెళ్లిళ్లలో ఒకే ఒక్క 'ధ' నా చేత 6,600 రూపాయలు కట్టించింది. ఆ దెబ్బతో ఈ విద్య కూడా నేర్చుకోవాల్సి వచ్చింది.

జరిగింది వినండి. మా మరిది శుభలేఖలు అచ్చు వేస్తాడు. అక్కడి కుర్రాళ్లు టైపు చేసినవాటిలో తప్పులు దిద్దే పని నాది. ఇంటర్‌తోనే చదువు ఆగిపోయినా తెలుగులో నాకెప్పుడూ మంచి మార్కులే లెండి. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, మా అబ్బాయి వాడి వదిలేసిన పాత ల్యాప్‌టాప్ ముందేసుకుని దిద్ది పంపుతాను. నాకూ చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. ఆ రోజు ఒక లేఖ పైనుంచి కిందదాకా చదివి, "బాగుంది, వేసెయ్" అని ఫోన్ చేశాను. 300 కార్డులు అచ్చయి పెళ్లివారింటికి చేరాక, పెళ్లికూతురి తాతగారు వేలుపెట్టి చూపించారట. "వదూవరులను ఆశీర్వదించి" అని ఉంది! 'ధ'కి అడుగున ఉండాల్సిన ఆ చిన్న గీత లేదు. కార్డు 22 రూపాయలు. "పోనీలే వదినా" అన్నాడు మా మరిది. తప్పు నాదయినప్పుడు పోనీలే అని ఎలా ఊరుకుంటాను? నేను దాచుకున్న డబ్బులోంచే ఇచ్చాను.

ఆ సాయంత్రం మా అమ్మాయి ఆ లేఖని నా ల్యాప్‌టాప్‌లో తెరిచి చూసి, "ఈ తెరమీద 'ద'కీ 'ధ'కీ తేడా కనబడాలంటే దివ్యదృష్టి కావాలమ్మా" అంది.

దాని మాట అర్థం కావాలంటే మన సంక్రాంతి ముగ్గు గుర్తు చేసుకోండి. తెరమీద బొమ్మయినా అక్షరమైనా చుక్కలతోనే ఏర్పడుతుంది. నా పాత దాని తెర మూలనుంచి మూలకి 15.6 అంగుళాలు. అందులో అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలు. అంటే అంగుళానికి సుమారు 100. అదే సైజు తెరలో ఫుల్ హెచ్‌డీ అంటే 1920, 1080. అంగుళానికి 141. ఫోర్‌కే అంటే 3840, 2160. అంగుళానికి 282. మొత్తం మీద నా దాంట్లో పదిన్నర లక్షల చుక్కలుంటే ఫోర్‌కేలో దాదాపు 83 లక్షలు. అదే వాకిట్లో చుక్కలు దగ్గర దగ్గరగా పెడితే వంపులు ఎంత నున్నగా వస్తాయో మీకు నేను చెప్పాలా?

ఇంగ్లీషు అక్షరాలకి ఇదంత పట్టింపు కాదేమో గానీ, మన తెలుగుకి మాత్రం పట్టింపే. ఒత్తులు, గుణింతాలు, దీర్ఘాలు, అన్నీ మెలికలే. పేజీ మొత్తం తెరమీద పట్టేలా పెట్టుకుంటే నా పాత దాంట్లో చిన్న అక్షరానికి పది పన్నెండు చుక్కల ఎత్తు కూడా రాదు. అందులో 'ధ' గీత వాటాకి ఒక చుక్క, అదీ బూడిదరంగులో!

"పెద్దది చేసి చూడొచ్చుగా?" అన్నారు మావారు పేపరు మడుస్తూ. నిజమే. ఆయన మాట ఒప్పుకోవడం నాకు కష్టమే అయినా, కొత్తది కొనే స్తోమత లేనివాళ్లకి అదే ఉచితమైన మందు. కాకపోతే పెద్దది చేసినకొద్దీ ఒకసారికి నాలుగు మాటలే కనబడతాయి. రోజుకి పాతిక లేఖలు వచ్చే ముహూర్తాల రోజుల్లో అటూ ఇటూ జరుపుకోలేక మణికట్టు పట్టేస్తుంది.

సరే, కొత్తది చూద్దామని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాం. షాపుల్లో ఆ తెరలమీద ఎప్పుడూ పువ్వులు, జలపాతాలు, చిలకలే తిప్పుతుంటారు. అవి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. నేను మాత్రం మా శుభలేఖ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లాను. మీరూ మీ పని ఏదైతే అదే తీసుకెళ్లండి. ఆ కుర్రాడు నవ్వుకున్నా సరే, మూడింటిమీద తెరిపించి చూశాను. తీరా చూస్తే మూడూ ఒకేలా ఉన్నాయి! కారణం ఏమిటంటారా? కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను.

అక్కణ్నుంచి తిన్నగా కళ్ల డాక్టరుగారి దగ్గరికే వెళ్లాం. చత్వారం పెరిగింది. పుస్తకం పట్టుకునే దూరానికి ఇచ్చే అద్దం వేరు, ల్యాప్‌టాప్ దూరానికి కావలసింది వేరు, మీరు ఎంత దూరంలో పెట్టుకుంటారో కొలిచి చెప్పండన్నారు. నలభై దాటిన అక్కచెల్లెళ్లారా, తెరకి వేలకి వేలు పోసేముందు ఈ పని చెయ్యండి. ఆ 6,600లో సగం నేరం నా కళ్లదే. ఇంకో సంగతి కూడా తెలిసింది. రెండడుగుల దూరంలో ఉన్న తెరమీద మామూలు మంచి చూపు విడివిడిగా పోల్చుకోగలిగేది అంగుళానికి 140 చుక్కల చిల్లర. అడుగున్నర దూరానికైతే 190 దాకా. కుర్రకళ్లు ఇంకాస్త ఎక్కువ చూడగలవనుకోండి. అంతకు మించి ఉన్న చుక్కలకి డబ్బు పోస్తే నాలాంటిదానికి ఒరిగేదేముంది?

కొత్త అద్దాలతో మళ్లీ వెళ్లాం. ఫోర్‌కేలో మన తెలుగు అక్షరం ఎంత ముద్దుగా ఉందని! అచ్చయిన కాగితం చూసినట్టే. 'ధ' గీత ఏ మూలన ఉన్నా కళ్లకి కొట్టొచ్చినట్టు కనబడింది. మా అమ్మాయి అయితే అదే కావాలని పట్టుబట్టింది. దానికి ఫొటోలు దిద్దే సరదా ఉంది, దాని కారణం దానికుంది.

కానీ మేం పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తే పైన ఉండే గుర్తులన్నీ ఆవగింజల్లా అయిపోయాయి. ఎందుకంటే ఆ పాతవి చుక్కలు లెక్కపెట్టి గీస్తాయట. ఏడు చుక్కల ముగ్గుని, చుక్కలు దగ్గరగా పెట్టి వేస్తే ముగ్గు చిన్నదైపోదూ? అచ్చం అంతే. కొత్త ప్రోగ్రాములు తెలివిగా రెట్టింపు చుక్కలు వాడుకుంటాయి. పాతవాటిని బలవంతంగా పెద్దవి చేయిస్తే మసకబారాయి. మసక పోగొట్టుకోవడానికే కదా ఇంత ఖర్చు!

బ్యాటరీ సంగతీ ఉంది. చుక్కలు చిన్నవయ్యేకొద్దీ వాటి మధ్యనుంచి వెలుతురు తక్కువ బయటికొస్తుంది, కనుక వెనక దీపం ఎక్కువ వెలగాలి. పైగా ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కల్ని ఆ యంత్రం గీస్తూ ఉండాలి. ఛార్జింగు త్వరగా అయిపోతుందని ఆ కుర్రాడే ఒప్పుకున్నాడు. వేసవిలో మధ్యాహ్నం కరెంటు పోతే నా లేఖల గతేమిటి?

ఇంకొకటి. చుక్కలు ఎక్కువైతే రంగులు కూడా బాగుంటాయనుకునేరు. అది వేరు, ఇది వేరు. మా పిన్ని కూతురు ఆన్‌లైన్‌లో చీరలు అమ్ముతుంది. దానికి కావలసింది రంగు నికార్సుగా చూపే తెర. కొనేటప్పుడు ఎస్‌ఆర్‌జీబీ నూటికి ఎంతో అడగాలి. కిటికీ పక్కన కూర్చునేవాళ్లు వెలుతురు ఎన్ని నిట్సో అడగాలి. 250 కంటే 400 నయం.

చివరికి 16 అంగుళాలది, 2560, 1600 చుక్కలున్నది తీసుకున్నాం. అంగుళానికి 189. ఫోర్‌కే కంటే 18,000 తక్కువ పడింది. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేకి వెళ్లి స్కేల్ 150 శాతం పెట్టుకుంటే మెనూలన్నీ నా కళ్లకి సరిపోయాయి. ఆ పాత సాఫ్ట్‌వేర్‌తో గొడవ ఎందుకని, లేఖలు పీడీఎఫ్ చేసి పంపమన్నాను. దాంట్లో అక్షరం ఎంత పెద్దది చేసినా చెదరదు. మా అమ్మాయి రెండురోజులు మూతి ముడుచుకుంది. మూడోరోజు దాని ఫొటోలన్నీ ఇందులోకే ఎక్కించి, నన్ను లేవమని తరుముతోంది. మావారు సినిమా పెట్టుకుని చూసి, "నా పాతదాన్లోనూ ఇలాగే ఉందే" అన్నారు. ఆయన చూసింది ఎప్పటిదో పాత సినిమా. అందులో లేని చుక్కలు తెర మాత్రం ఎక్కణ్నుంచి తెస్తుంది?

నిన్న మధ్యాహ్నం గృహప్రవేశం కార్డు ఒకటి వచ్చింది. పాయసానికి పాలు పొయ్యిమీద పెట్టి, పేజీ మొత్తం కనబడేలా తెరిచాను. కింది నుంచి మూడో వరసలో "బందుమిత్ర సపరివారంగా" అని ఉంది. పాలు పొంగితే పొంగాయని ముందు మరిదికి ఫోన్ చేశాను.

"అచ్చు ఆపు" అన్నాను.