ఏసీ చల్లగా ఉంటే చాలా?

తాయిఫ్‌లో ఉండి మక్కా వైపు సైట్లకు పోయే మాలాంటివాళ్లకు అల్‌హదా ఘాట్ రోడ్డు తప్పదు. వ్యానులో పన్నెండు మందిమి. ఎక్కగానే అద్దాలు బిగించి, ఏసీ పెట్టి, కారు బొమ్మలో బాణం తిరిగినట్టుండే మీట నొక్కించేది సూపర్‌వైజర్లమైన మేమే. అరగంటకల్లా అందరికీ నిద్ర. పని అలుపనుకునేవాళ్లం. మొన్న సాయంత్రం మలుపులో డ్రైవరన్న కూడా కునుకు తీశాడు. పక్కనున్నాయన అరవబట్టి ఈ రోజు ఇది రాయగలుగుతున్నాం.

ఆ మీట నొక్కితే డ్యాష్‌బోర్డు వెనక చిన్న తలుపు మూసుకుంటుంది. ముందు అద్దం కింది జాలీ నుంచి వచ్చే బయటి గాలి ఆగిపోతుంది. లోపలి గాలే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. చల్లబడ్డ గాలి కాబట్టి తొందరగా చల్లగా అవుతుంది, నిజమే. కానీ ఏసీ గాలిని చల్లబరుస్తుందే గానీ కొత్త గాలి తేదు. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం, మనం వదిలే ఊపిరిలో సుమారు 4 శాతం. పన్నెండు మంది ఊపిరి పోయే దారి లేకపోతే తలనొప్పి, మత్తు రాక ఏం చేస్తాయి? పైగా తాయిఫ్ 1,800 మీటర్ల ఎత్తున ఉంది. గాలి ముందే పలచన.

అందుకే మా మాట: ఎక్కిన మొదటి పది నిమిషాలు, దుమ్ము లేచినప్పుడు, పొగ కక్కే లారీ వెనకున్నప్పుడు లోపలి గాలి పెట్టండి. తర్వాత బయటి గాలికి మార్చండి. చలికాలం హదా మీద మంచు కమ్మితే బయటి గాలి, ఏసీ రెండూ కలిపి పెడితే అద్దాల మసక పోతుంది. వెనక గాలి బయటికి పోయే కన్నాలకు పనిముట్ల సంచులు అడ్డం పెట్టకండి. ఇంజను నడుస్తున్న వ్యానులో పడుకోకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మీట ఎటున్నా కాపాడదు.

తప్పంతా డ్రైవరుదే అనేవాళ్లున్నారు. తెల్లవారుజామున లేపి రాత్రిదాకా తిప్పితే ఏ మనిషి నిలుస్తాడు? మీట మార్చడానికి ఖర్చు లేదు. డ్రైవరుకు నిద్ర, వ్యానుకు ఏసీ ఫిల్టరు మాత్రం కంపెనీ ఇవ్వాల్సినవి. అడగాల్సింది ముందు సీట్లో కూర్చునే మేమే. ఇకనుంచి అడుగుతాం. మీరూ అడగండి. ఇంటి దగ్గర మన కోసం చూసేవాళ్లున్నారు.