గని కంటే దాని బురద చెరువే ప్రమాదం

కొండవీడుకు తుమ్మలపల్లె చాలా దూరం. అయినా కడప జిల్లాలోని ఆ ఊళ్ల అరటి రైతు గోడు మన మిరప రైతు వినాల్సిందే. మన పల్నాడులోనే, మాచర్ల దగ్గరి కొప్పునూరులో యురేనియం నిక్షేపాలున్నట్టు కేంద్ర అణు ఖనిజాల సంస్థ ఎప్పుడో గుర్తించింది. సాగర్ జలాశయం ఒడ్డునే లంబాపూర్-పెద్దగట్టులో గనులు తవ్వుతామని 2003లో ప్రజాభిప్రాయ సేకరణ కూడా పెట్టారు. జనం ఎదురు తిరిగారు కాబట్టి ఆగింది. ఖనిజం మాత్రం భూమిలోనే ఉంది. కుడి కాలువ నీళ్లతో పంట తీసేవాళ్లం, ఇది మనకు పట్టని విషయం కాదు.

గని గురించి అందరం మాట్లాడతాం. అసలు చిక్కు శుద్ధి తర్వాత మొదలవుతుంది. తుమ్మలపల్లెలో యురేనియం కార్పొరేషన్ 2012లో ప్రారంభించిన కర్మాగారం సామర్థ్యం రోజుకు 3,000 టన్నుల రాయి. టన్ను రాయిలో యురేనియం అరకిలో కూడా ఉండదు. మిగిలిన రాతిపిండి అంతా రసాయనాలతో కలిసి బురదగా గొట్టాల్లో వ్యర్థాల చెరువుకు చేరుతుంది. యురేనియం తీసేసినా రేడియం ఆ బురదలోనే ఉంటుంది. అది సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది. కొండవీడు రెడ్డిరాజుల రాజధాని అయి ఏడు వందల ఏళ్లు నిండలేదు, కోట గోడలు ఎలా ఉన్నాయో రోజూ చూస్తూనే ఉన్నాం. మరి ఆ చెరువు కట్టను అన్నేళ్లు ఎవరు కాస్తారు?

రేడియం కంటే ముందు రైతుకు తగిలేది సోడియం. అక్కడిది సున్నపురాయి జాతి కాబట్టి ఆమ్లంతో కాక సోడియం కార్బొనేట్‌తో యురేనియాన్ని కరిగిస్తారు. ఆ ఉప్పు బోర్లలోకి దిగితే ఏమవుతుందో చౌడు నేల దున్నినవాళ్లకు చెప్పక్కర్లేదు. కె.కె. కొట్టాల, కనంపల్లె రైతుల ఫిర్యాదు అదే: బోరు నీళ్లు చెడిపోయాయి, అరటి ఎండిపోయింది. చెరువు అడుగున పొర సరిగా వేయలేదని వాళ్లంటారు. మా చెరువు వల్ల కాదని కంపెనీ అంటుంది. కర్మాగారం రాకముందు నీళ్లు ఎలా ఉండేవో చూపే కాగితం రైతు చేతిలో లేకపోతే ఇలాంటి వాదన ఎన్నేళ్లైనా తేలదు.

దేశానికి కరెంటు కావాలి, కాదనం. కానీ సాగర్ నీళ్ల పక్కన ఇలాంటి చెరువు వద్దని మన సంఘం గట్టిగానే చెబుతుంది. అంతవరకు ఊరుకోనక్కర్లేదు. ఏ గనీ రాని ఈ రోజుల్లోనే కొప్పునూరు చుట్టుపక్కల బోర్ల నీళ్లు పరీక్షించాలని ఈ నెల శాఖా సమావేశాల్లో తీర్మానం చేసి కలెక్టరుకు అర్జీ ఇద్దాం. యురేనియం, సోడియం రెండూ చూడాలి. తాగునీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఫలితం కాగితం ఆఫీసు బీరువాలో కాదు, బోరు ఎవరిదో ఆ రైతు చేతికి రావాలి.