బరువు పంచిననే తీరిక

ఏబది యెకరముల మాగాణి గల గృహస్థు తానే నీరు పెట్టి, తానే కుప్పలు కాచి, తానే కొలిచి, తానే లెక్కలు వ్రాసికొనదలచినచో నేమగును? కాలువగట్టు తెగిన సంగతి యాతనికి మరునాటిగాని తెలియదు. ఏలయన, గట్టు తెగిన వేళ నాతడు పనలు లెక్కించుచుండును. నమ్మకస్థునకు పని యప్పగించువానికే తీరిక చిక్కును. ఆ తీరిక సోమరితనమునకు గాదు; యజమాని తప్ప నితరులు చేయజాలని పనిని చేయుటకు. అయితే పని యప్పగించియు గాదె తాళపుచెవిని మొలత్రాటికే కట్టుకొని తిరుగువాడు పని యప్పగించినవాడు గాడు. పాలేరు ప్రతి మానికకును వాని వాకిట నిలువవలసినదే; వాడు ప్రతిమారును లేచి వచ్చి తలుపు తీయవలసినదే. ఇరువురి కాలమును వ్యర్థమగును.

గృహమునకు చెల్లిన యీ నీతి రాజ్యమునకును చెల్లును. మన ప్రభుత్వములు గ్రామములకు పనులప్పగించిన తీరును ఈ గీటురాతిపై నొరసి చూతము.

ఈ కథ నిన్న మొన్నటిది గాదు. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి తీర్మానమును ప్రకటించెను. తీర్మానము ఘనమైనదే, కాని పెత్తనము చాలకాలము అధికారుల చేతులలోనే నిలిచెను. స్వరాజ్యము వచ్చిన పిదప 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము మూడంతస్తుల పంచాయతీ వ్యవస్థను సూచించెను. 1959లో రాజస్థానము ముందు నడువగా, ఆ సంవత్సరముననే ఆంధ్రప్రదేశము దాని ననుసరించెను. తుదకు 1992లో పార్లమెంటు 73వ సవరణమును ఆమోదించెను. అది 1993 ఏప్రిలు 24వ తేదీన అమలులోనికి వచ్చెను. చిన్నతరహా నీటిపారుదల, త్రాగునీరు, బాటలు, ప్రాథమిక విద్య మున్నగు 29 విషయములు పదునొకండవ షెడ్యూలులో చేర్పబడినవి. కాని వానిలో నేవి, ఎంతవరకు ఈయవలయునో నిర్ణయించు భారము రాష్ట్ర శాసనసభలకు విడువబడెను. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడను సామెత ఇచ్చట అక్షరాల సార్థకమైనది.

పూజారి చేసినదేమి? పనుల పట్టికను గ్రామమునకు పంపి, పనివారిని, పైకమును తనయొద్దనే యుంచుకొనెను. బడిపంతులు హాజరు కాకున్నను, వైద్యశాలలో మందులు లేకున్నను ఊరివారు సర్పంచినే నిలదీయుదురు. కాని ఆ పంతులును, ఆ వైద్యుడును తమ తమ శాఖల పైయధికారులకే జవాబుదారులు. నింద సర్పంచిది, అధికారము మరియొకరిది. 2019లో ఆంధ్రప్రదేశమున గ్రామ సచివాలయములు నెలకొల్పబడి, పెక్కుమంది ఉద్యోగులు నియమింపబడిరి. పత్రములకై మండల కేంద్రము చుట్టు తిరుగు శ్రమ ప్రజలకు కొంత తగ్గినమాట వాస్తవము. అయినను ఉద్యోగులు గ్రామమునకు వచ్చిరేగాని పెత్తనము గ్రామమునకు రాలేదనియే మా యభిప్రాయము.

ధనము సంగతియు నిట్టిదే. 2021-26 సంవత్సరములకు పదునైదవ ఆర్థిక సంఘము గ్రామీణ సంస్థలకు సూచించిన నిధులలో నూటికి 60 పాళ్లు పారిశుద్ధ్యమునకును, త్రాగునీటికిని కట్టుబడియుండెను. ఆ పనులు ముఖ్యములు కావని మేమనము. కాని ఏ ఊరికి ముందు నీరు కావలయునో, ఏ ఊరికి ముందు మురుగుకాలువకు వంతెన కావలయునో ఢిల్లీలో తేల్చుట యెట్లు?

ఇక ఎన్నికల మాట. అయిదేండ్ల గడువు తీరకమునుపే ఎన్నికలు జరుపవలయునని రాజ్యాంగము శాసించుచున్నది. ఆంధ్రప్రదేశమున 2018లో పంచాయతీల గడువు తీరగా 2021 ఫిబ్రవరి వరకు ఎన్నికలు జరుగలేదు. తెలంగాణమున 2024 ఆరంభమున గడువు తీరగా 2025 డిసెంబరు వరకు జరుగలేదు. ఆ నడిమి కాలమున ఊళ్లను ప్రత్యేకాధికారులు పాలించిరి. కారణములు రెండుచోట్లను వేరు కావచ్చును, ఫలము ఒక్కటే. శాసనసభ కిట్టి గతి పట్టిన రాజధాని ఊరకుండునా?

గ్రామములలో కక్షలున్నవి, అవినీతియున్నది, అనుభవము లేదు. అధికారమిచ్చినచో చెరచుదురని కొందరు పెద్దలు వాదింతురు. ఈ మాట మన చెవులకు క్రొత్తది గాదు. మనము స్వరాజ్యమడిగిననాడు దొరలు పలికిన పలుకే యిది. ఈత నేర్చినగాని నీట దిగరాదన్నచో ఎవ్వడును ఈత నేర్వజాలడు. అదియుగాక, ఊరిలో జరిగిన తప్పు ఊరందరి కంటబడును. రాజధానిలో జరిగిన తప్పు కాగితముల కట్టలో దాగును. తప్పునకు మందు లెక్కల తనిఖీ, గ్రామసభ విచారణము. ప్రతి చిన్న పనికిని ముందుగా అనుమతి కోరుట గాదు.

నమ్మి యిచ్చినచోట్ల లోకము తలక్రిందులు కాలేదు. 1996లో కేరళ ప్రభుత్వము ప్రణాళికా ధనములో మూడవవంతునకు పైగా స్థానిక సంస్థలకు విడిచెను. 1997లో ఆంధ్రప్రదేశము ప్రత్యేక చట్టము చేసి, పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘములను నెలకొల్పి, కాలువల మరమ్మతును రైతుల కప్పగించెను. పూడిక ఎచ్చట పేరుకొన్నదో చివరి పొలము రైతునకు తెలిసినట్లు సచివాలయమున కూర్చున్న వారికి తెలియునా?

ఇట్లు అప్పగించుటవలన గ్రామములకే గాదు, మంత్రులకును మేలు. బోరుబావి మరమ్మతు, బదిలీ, వీథిదీపము అను మూడింటితోనే దినము గడుపు మంత్రికి కృష్ణా గోదావరీ జలముల పంపకమును గూర్చి యోచించు తీరిక యెక్కడిది? చిన్న పనులు వీడనివానికి పెద్ద పనులు చిక్కవు.

కావున మేము కోరునవి మూడు. గ్రామమున పనిచేయు ఉద్యోగి పంచాయతీకి జవాబుదారి కావలయును. పంచాయతీకి రావలసిన ధనము నియమిత దినమున, దాని యిష్టానుసారము వ్యయింప వీలగునట్లు చేరవలయును. గడువు తీరకమునుపే ఎన్నిక జరుగవలయును. పనిని మాత్రమిచ్చి ధనమీయకుండుట అప్పగింత గాదు, బరువు దులుపుకొనుట. ధనమిచ్చి లెక్క యడుగకుండుటయు అప్పగింత గాదు, వదలివేయుట. ఈ రెంటికి నడుమనున్న దారియే పాలకులకు యోగ్యము.

భూవసతి గల రైతులును, పట్టణవాసులగు విద్యావంతులును తమ వంతు మరువరాదు. ఇంటిపన్ను నెగవేసి, గ్రామసభకు ముఖము చూపక, చిన్న పనికిని శాసనసభ్యుని సిఫారసుకై పరుగిడు మనమే రాజధాని పెత్తనమును పోషించుచున్నాము. అడుగువారు సర్పంచి వాకిట నిలిచిననాడు అధికారమును ఆ వాకిటికి రాకతప్పదు.