అడగడం కూడా ఒక విద్యే

అడగందే అమ్మైనా పెట్టదని మన సామెత. అయితే అమ్మ దగ్గర "ఆకలి" అన్న ఒక్క మాట చాలు. మనకేది ఇష్టమో, ఏది పడదో, పొద్దున ఏం తిన్నామో ఆవిడకు ముందే తెలుసు. మన ముఖం ఎన్నడూ చూడనివారికి అవేవీ తెలియవు. కంప్యూటర్ మొరాయించినప్పుడు ఇంటర్నెట్లో సాయం అడిగే మనలో చాలామందిమి ఈ తేడా మరచిపోతున్నామని మా అభిప్రాయం.

ఇది ఎవరినో తప్పుపట్టడానికి రాస్తున్నది కాదు. పోయిన ఏడాది సంచిక తయారుచేస్తూ మేమే చేసిన పొరపాటు ఇది. పిల్లలు రాసిన కథలూ, తాతయ్యలకు రాసిన ఉత్తరాలూ టైపు చేసి పేజీల్లో పెడితే ఒత్తులన్నీ విడిపోయాయి. "అమ్మమ్మ" కాస్తా "అమ్‌మమ్‌మ" అయి కూర్చుంది. ప్రెస్సుకు పంపడానికి నాలుగు రోజులే గడువు. తెలుగు ఫాంట్ల సంగతి తెలిసినవాళ్ళకు "తెలుగు సరిగ్గా రావడం లేదు. అర్జంటు. దయచేసి సాయం చేయండి" అని రాశాం. రెండు రోజులు ఎవరూ పలకలేదు. మనవాళ్ళలో సాయం చేసే గుణమే లేదని విసుక్కున్నాం కూడా.

మా బడిలో తొమ్మిదో గ్రేడు చదివే అమ్మాయి మేం రాసింది చూసి నవ్వింది. "అంకుల్, డాక్టర్ దగ్గరికెళ్ళి 'బాగాలేదు' అని మాత్రమే చెప్తే ఆయన ఏ మందు ఇస్తారు?" అంది. తనే కూర్చుని మళ్ళీ రాసింది. ఏ కంప్యూటర్, ఏ సాఫ్ట్‌వేర్, ఎన్నో వెర్షన్, ఏ ఫాంటు అన్నీ చెప్పింది. "ఇలా రావాలి, ఇలా వస్తోంది" అని తెర బొమ్మ ఒకటి జతచేసింది. ఫాంటు మార్చి చూసినా ఫలితం లేదనీ, అదే మాట ఈమెయిల్లో మాత్రం చక్కగా కనిపిస్తోందనీ రాసింది. గంటలో జవాబు వచ్చింది.

సంగతేమిటంటే, యూనికోడ్‌లో ఒత్తులకు వేరే స్థానాలు లేవు. "మ్మ" అంటే మ, పొల్లు, మళ్ళీ మ. ఈ మూడింటినీ కలిపి చూపించే పని ఫాంటూ సాఫ్ట్‌వేరూ కలిసి చేస్తాయి. పేజీలు కట్టడానికి మేం వాడిన సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపుల కోసం వేరే సెట్టింగ్ ఉంది. దాన్ని మేం ఎంచుకోలేదు, అంతే. ఈమెయిల్లో బాగానే ఉందన్న ఆ ఒక్క వాక్యంతో, లోపం టైపు చేయడంలో కాదు, చూపించడంలో ఉందని వాళ్ళు పట్టేశారు.

చిన్న వివరం ఎంత పని చేస్తుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ఒక రకంగా టైపు చేసిన "జ్ఞా" మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో ఆ యాప్ మూతపడేది. "ఫోన్ పాడైంది" అని ఊరుకోకుండా, ఐఓఎస్ 11.2.5లో ఫలానా అక్షరంతో ఇలా అవుతోందని కనిపెట్టి చెప్పినవాళ్ళున్నారు. ఆ నెలలోనే 11.2.6 వచ్చి దాన్ని సరిచేసింది. జ్ఞానానికి మొదటి అక్షరమే అది!

ఇంత వివరంగా రాయడానికి తీరికెక్కడిది అనవచ్చు. ఆ పది నిమిషాలు మనం పెట్టకపోతే జవాబిచ్చేవాళ్ళు పెట్టాలి. వాళ్ళేమీ జీతం తీసుకుని మన కోసం కూర్చోలేదు. వాళ్ళకూ ఉద్యోగాలు, పిల్లలు ఉన్నారు. పని అయ్యాక, ఏం చేస్తే కుదిరిందో చెప్పి కృతజ్ఞతలు తెలిపితే, రేపు అదే చిక్కులో పడినవాళ్ళకూ దారి దొరుకుతుంది. తెర బొమ్మ పంపేముందు అందులో పాస్‌వర్డులూ, బ్యాంకు నంబర్లూ లేకుండా చూసుకోవడం మాత్రం మరవకూడదు.

అసలు అడ్డం తీరిక కాదు, సిగ్గు. "ఇంజనీరు అయ్యుండి ఇది తెలియదా" అంటారని భయపడి, ఏం ప్రయత్నించామో, ఎక్కడ ఆగిపోయామో దాచిపెడతాం. పెద్దలు "నాకు తెలియదు" అనడానికి జంకే ఇంట్లో పిల్లలు క్లాసులో చెయ్యెత్తడం ఎలా నేర్చుకుంటారు? ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎలా అనే మాటలు బడిలో నేర్పితే చాలదు. ఇంట్లో మనం వాడి చూపించాలి.

పిల్లలూ, మీకొక మాట. ఊరినుంచి అమ్మమ్మ ఫోన్ చేసి "ఇందులో ఏదో వచ్చిందిరా, పోవట్లేదు" అంటే ఈ నియమాలు ఆవిడకు చెప్పకండి. తెరమీద కనబడేది మెల్లగా చదవమని, ఆ నాలుగు ప్రశ్నలూ మీరే అడగండి. మీకు ఆకలైనప్పుడు ఆవిడ వివరాలు అడగలేదు కదా!

ఈ సంచికలో ఎక్కడైనా ఒత్తు విడిపోయి కనిపిస్తే తప్పక మాకు తెలియజేయండి. దయచేసి పేజీ నంబరూ, ఎన్నో వరుసో కూడా చెప్పండి.