బోటెక్కేది ఎవరు, ఒడ్డున నిలబడేది ఎవరు?

ఆదివారం పొద్దున హనుమకొండ నుంచి ములుగు రోడ్డు పట్టుకుంటే కార్ల వరుస కనిపిస్తుంది. రామప్ప గుడి చూసి, లక్నవరం పోతారు. వేలాడే వంతెన మీద ఫోటోలు దిగుతారు. లైఫ్ జాకెట్ వేసుకుని స్పీడ్ బోటు ఎక్కుతారు. దీవి నుంచి దీవికి తిరిగి, మధ్యాహ్నం చేపల పులుసు తిని, చీకటి పడేలోగా ఇల్లు చేరతారు. 2024 నవంబరులో మూడో దీవిలో రిసార్టు కూడా తెరిచారు. ఇప్పుడు రాత్రి కూడా నీళ్ల మధ్యనే పడుకోవచ్చు.

పోయేవాళ్ల మీద మాకు కోపం లేదు. వారమంతా చాకిరీ చేసిన మనిషి ఒక రోజు నీళ్లు చూసి సేదతీరాలనుకోవడం తప్పు కాదు. మన పిల్లలకూ బోటెక్కాలని ఉంటుంది. మాలో టీచర్లుగా పనిచేస్తున్నవాళ్లం ఆశ్రమ పాఠశాల పిల్లలను తీసుకుని అట్లాంటి చెరువు ఒకదాని మీదికి పోయినం. ఏ చెరువో చెప్పడం లేదు, ఎందుకంటే ఇది ఒక్క చెరువు సంగతి కాదు. బోటు నడి నీళ్లకు చేరినాక గైడు మైకు అందుకున్నడు. ఎదుటి ఒడ్డు చూపించి, "అటు అడవిలో కోయోళ్లు ఉంటరు, వాళ్లకు మనలాగ ఏం తెల్వదు, అమాయకులు" అన్నడు. బోటులో మాతో ఉన్న ముప్పై మంది పిల్లల్లో సగం మంది కోయ పిల్లలే. ఒక్కరూ నోరు మెదపలేదు. ఒక ఆరో తరగతి పాప మాత్రం దిగినాక మా సారును అడిగింది: "సార్, ఆయన చూపించింది మా మేనమామ ఊరే కదా, మరి మనలాగ అంటే ఎవరి లాగ సార్?"

ఆ ప్రశ్నకు మేం అప్పుడు జవాబు చెప్పలేకపోయినం. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

గైడు చెప్పే కథ అందరికీ తెలుసు. కాకతీయులు కట్టించిన్రు, గణపతిదేవుని కాలం, ఎనిమిది వందల ఏండ్లు. నిజమే. లక్నవరం, రామప్ప, పాకాల ఇవన్నీ ఆ కాలపు చెరువులే. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, మనకూ గర్వమే. అయితే కట్ట పోసిన మన్ను ఎవరి తలల మీద మోసింది? మత్తడి ఎక్కడ పెట్టాలో, ఏ వాగు ఎటు మళ్లుతుందో ఆ అడవి నేల తెలిసినవాళ్లు ఎవరు? గైడు చేతిలోని కాగితంలో ఆ పేర్లు లేవు. మన దగ్గర మాత్రం ఇంకో కథ ఉంది. కరువు కాలంలో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సైన్యం మేడారం మీదికి వచ్చిందని, సమ్మక్క సారలమ్మలు, పగిడిద్దరాజు ఎదురు నిలిచారని, జంపన్న వాగులో దూకి ప్రాణం విడిచాడని మన పెద్దలు చెబుతారు. రెండేండ్లకోసారి లక్షల మంది ఆ కథ దగ్గరికే నడిచి వస్తారు. ఒకే రాజ్యానికి సంబంధించిన రెండు కథలు ఇవి. బోటులో ఒకటే వినిపిస్తుంది.

ఇక అసలు సంగతికి వద్దాం. ఈ నీళ్ల మీద బోటు ఎవరి కోసం ఉంది?

2023 జూలై చివరి వారం గుర్తు చేసుకోండి. జంపన్నవాగు పొంగి ఏటూరునాగారం మండలం కొండాయి ఊరిని ముంచేసింది. ఎనిమిది మంది ఊరివాళ్ల ప్రాణాలు పోయాయి. అదే వారం ముత్యాలధార జలపాతం చూడబోయి అడవిలో వాగుల మధ్య చిక్కుకున్న పర్యాటకులను రక్షణ దళాలు వెళ్లి రాత్రికి రాత్రే బయటికి తెచ్చాయి. తెచ్చినందుకు మాకు సంతోషమే. ఏ ప్రాణమైనా ప్రాణమే. కానీ వరద వచ్చాక పడవ కోసం ఫోన్లు చేసే పరిస్థితి ఏటా వాగుల మీది ఊళ్లకు ఎందుకు రావాలి? సరదా కోసం నీళ్ల మీద తిరగడానికి డీజిలు, ఇంజను, జాకెట్లు, డ్రైవరు ఏడాది పొడుగునా సిద్ధంగా ఉంటాయి. పురుటి నొప్పుల తల్లిని వాగు దాటించడానికి మాత్రం మంచం కట్టి నలుగురు భుజాల మీద మోయాలి. బడికి పోయే టీచరు నడుము లోతు నీళ్లలో చెప్పులు చేతబట్టి దాటాలి. చదువుతున్న మీలో ఎంతమంది అట్లా దాటలేదు?

గోదావరి మీద కూడా ఇదే చూసినం. 2018 మే 15న కొండమొదలు వైపు నుంచి బయల్దేరిన లాంచీ మంటూరు దగ్గర మునిగిపోయింది. అందులో ఉన్నవాళ్లు పాపికొండలు చూడడానికి వచ్చినవాళ్లు కాదు. ఎక్కువమంది ఆ ఊళ్ల గిరిజనులే. సంతకో, ఆఫీసుకో, ఆస్పత్రికో పోవడానికి వాళ్లకున్న బస్సు ఆ లాంచీయే. ఏడాదిన్నర తిరగకముందే, 2019 సెప్టెంబరు 15న, వరద గోదావరిలో పర్యాటకుల బోటు కచ్చులూరు దగ్గర తిరగబడింది. యాభై మంది దాకా ప్రాణాలు పోయాయి. మన వరంగల్ పక్కనున్న కడిపికొండ నుంచి వెళ్లిన 14 మందిలో తొమ్మిది మంది తిరిగి రాలేదు. ఆ ఇళ్ల ఏడుపు ఈ జిల్లా అంతా విన్నది.

ఆ రోజు బతికి బయటపడ్డ 26 మందిని ఒడ్డుకు చేర్చడానికి ముందుగా నీళ్లలోకి వచ్చింది ఎవరు? గట్టు మీది గూడేల మనుషులు, తమ నాటు పడవలతో. గోదావరి ఎక్కడ సుడి తిరుగుతుందో, ఏ నెలలో ఎంత దూరం నమ్మవచ్చో వాళ్లకు తెలుసు. తెలియని గుణం ఒక్కటే: "ఈ రోజు బోటు వదలొద్దు" అని చెప్పే అధికారం తమకు లేకపోవడాన్ని ప్రశ్నించడం. నది తెలిసినవాడికి మాట లేదు. మాట ఉన్నవాడికి నది తెల్వదు. కచ్చులూరు మనకు నేర్పిన పాఠం అదే. మన చెరువుల మీద ఇంకో కచ్చులూరు జరిగేదాకా ఆగాల్నా?

మాలో కొందరు సెలవు ప్రయాణ రాయితీ మీద అండమాన్ పోయి వచ్చినవాళ్లున్నారు. అక్కడ తెలుగువాళ్లు బాగానే ఉన్నారు, తెలుగు మాటలు బజారులో వినిపిస్తాయి. పొద్దున స్పీడ్ బోటు ఎక్కి ఒక దీవి, మధ్యాహ్నం ఇంకో దీవి, మధ్యలో నీళ్లలో ముఖం పెట్టి గొట్టంతో గాలి పీలుస్తూ పగడాలను, రంగురంగుల చేపలను చూసే స్నార్కెలింగ్. బాగుంటుంది, అబద్ధం ఎందుకు? పగడాన్ని తాకొద్దు, విరవొద్దు, తొక్కొద్దు అని గైడు పదిసార్లు చెబుతాడు. మంచిదే. మర్నాడు సున్నపురాతి గుహలు చూపిస్తామని బారాటాంగ్ తీసుకుపోతారు. అక్కడ కూడా బోటే, మడ అడవుల మధ్య నుంచి. కానీ ఆ బోటు దాకా పోయే రోడ్డు జారవాల అడవిని చీల్చుకుని పోతుంది. ఆదిమ తెగల రక్షణకు అక్కడ 1956 నుంచే చట్టం ఉంది. రిజర్వులోని రోడ్డును మూసెయ్యమని 2002లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అయినా వాహనాలు ఆగలేదు. తిండి ఆశ చూపి జారవా ఆడపిల్లలతో నాట్యం చేయించిన వీడియో 2012లో బయటపడి ప్రపంచమంతా చూసింది. పగడానికి ఇచ్చిన మర్యాద మనిషికి ఇవ్వలేదు.

అండమాన్ దూరం అనుకోకండి. అరకు రిసార్టుల్లో రాత్రి భోజనం ముందు థింసా ఆడిస్తున్నారు. పంట ఇంటికొచ్చినప్పుడు, పెండ్లికి, పండుగకు ఆడే ఆట అది. అడిగినప్పుడల్లా అరగంటకు ఇంతని ఆడితే అది ఎవరి ఆట అవుతుంది? రేపు లక్నవరం దీవి మీద కొమ్ముకోయ ఆట, తండా ఆడబిడ్డల తీజ్ పాట టికెట్టులో కలిపి అమ్మరని ఎవరు హామీ ఇస్తారు? ఆడే కుటుంబాలను మేం తప్పు పట్టం. ఆకలి ఉంది. ఎప్పుడు ఆడాలి, ఎక్కడ ఆడొద్దు, ఫోటో తీయొచ్చా వద్దా అన్న నిర్ణయం ఆడేవాళ్ల చేతిలో ఉండాలంటున్నాం.

"మీ పిల్లలకే కదా ఉద్యోగాలు వచ్చేది" అంటారు. ఏ ఉద్యోగాలు? గేటు దగ్గర టికెట్టు చింపడం, గదులు ఊడ్వడం, పార్కింగులో విజిలు ఊదడం. ఏ పనీ తక్కువది కాదు. కానీ డిగ్రీ, బీఈడీ చేసిన పిల్లలకు చూపించే మెట్టు ఇదొక్కటేనా? షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. బడిలో కుర్చీ పోగొట్టుకున్నవాళ్లకు బోటు దగ్గర చీపురు ఇచ్చి దాన్ని అభివృద్ధి అంటే మేం ఒప్పుకోం.

"చట్టం ప్రకారమే అన్నీ జరుగుతున్నాయి" అని కూడా అంటారు. సరే, చట్టమే చదువుదాం. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకు అప్పజెప్పాలంది. లక్నవరం వేల ఎకరాలకు నీళ్లిచ్చే పెద్ద చెరువు, దానికి ఈ మాట వర్తించదని అధికారులు వాదించవచ్చు. వాదించనివ్వండి. మరి మన గూడేల పక్కనున్న కుంటలు, చిన్న చెరువుల సంగతేంది? వాటి మీద రేపు పెడల్ బోట్లు పెట్టేటప్పుడైనా పంచాయతీ మాట చెల్లాలి కదా. 2006 అటవీ హక్కుల చట్టం నీటి వనరుల్లోని చేపల మీద సామూహిక హక్కును ఒప్పుకుంది. అదే చట్టం గ్రామసభ సిఫారసుతో అడవి భూమిని ఏ పనులకు మళ్లించవచ్చో పదమూడు రకాలు లెక్కపెట్టి చెప్పింది. బడి ఉంది, దవాఖాన ఉంది, అంగన్‌వాడీ ఉంది, రోడ్డు ఉంది, తాగునీరు ఉంది. రిసార్టు లేదు.

భూమి సంగతి ఇంకా స్పష్టం. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970 ఒకటో రెగ్యులేషన్ చెబుతుంది. మన అందరి నోట్లో నానే వన్ ఆఫ్ సెవెంటీ అదే. 1997 జూలైలో సమత కేసు తీర్పు ఇంకో అడుగు వేసింది. ప్రభుత్వం కూడా అక్కడి భూమిని గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదంది. ప్రభుత్వ సంస్థ చేయవచ్చు, గిరిజనుల సహకార సంఘం చేయవచ్చు అంది. నికర లాభంలో కనీసం 20 శాతం స్థానిక ప్రజల అభివృద్ధికి శాశ్వత నిధిగా పెట్టాలంది. అది బొర్రా ప్రాంతపు గనుల కేసు. గనికి చెల్లిన న్యాయం గదికి ఎందుకు చెల్లదు? రాయిని అమ్మినా నేల మనదే, దృశ్యాన్ని అమ్మినా నేల మనదే.

అందుకే పర్యాటకం వద్దని మేం అనడం లేదు. వద్దంటే కట్ట మీద మొక్కజొన్న కంకులు కాల్చి అమ్మే అక్కకు ఉన్న ఆదివారపు ఆదాయం కూడా పోతుంది. బోటు మనవాళ్ల సహకార సంఘం చేతిలో ఎందుకు ఉండకూడదని అడుగుతున్నాం. టికెట్టు డబ్బులో ఊరి వాటా ఎంతో రేవు దగ్గర బోర్డు మీద రాయమంటున్నాం. గైడు మన పిల్లే కావాలి, మన కథ చెప్పాలి, కోయ భాషలో నాలుగు మాటలు వచ్చినవాళ్లకు నేర్పాలి. వానాకాలంలో బోటు వదలాలా వద్దా అన్నది ఒడ్డున బతికే జాలర్లను, పెద్దలను అడిగి తేల్చాలి. చెరువులో స్పీడ్ బోటుకు డబ్బు పెట్టే ప్రభుత్వం, వరదలో తెగిపోయే ప్రతి ఊరి రేవులో వానలకు ముందే ఒక ఇంజను పడవ, పది జాకెట్లు, శిక్షణ పొందిన ఇద్దరు ఊరి యువకులను ఉంచాలి. ఇది దానం కాదు, బాకీ.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, కొంత పని మన చేతుల్లోనే ఉంది. మీ ఊరి పక్క చెరువు ఏ శాఖది, కింద భూమి ఎవరిది, దీవి ఎవరికి ఎన్నేండ్లకు ఇచ్చారు, గ్రామసభ తీర్మానం ఎక్కడుంది, ఆదాయం ఎంత? ఈ ఐదు ప్రశ్నలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఒక తెల్లకాగితం, పది రూపాయల ఫీజు చాలు. వచ్చిన జవాబును గ్రామసభలో చదివి వినిపించండి. కోయ, లంబాడీ, నాయకపోడు అని విడిపోయి అడిగితే మూడు గొంతులను మూడు రకాలుగా సముదాయించి పంపిస్తారు. కలిసి అడగండి.

టీచర్లకు ఒక మాట. పిల్లలను చెరువు మీదికి తప్పకుండా తీసుకుపోండి. ఈత నేర్పించండి, మునిగేవాడిని ఎట్లా లాగాలో నేర్పించండి. పోయే ముందు రోజు ఆ చెరువు చుట్టున్న ఊళ్ల పేర్లు, వాగుల పేర్లు, చేపల పేర్లు పిల్లలతోనే బోర్డు మీద రాయించండి. ఇంట్లో అవ్వ ఏమంటుందో అడిగి రమ్మనండి. తర్వాత బోటులో గైడు తప్పు చెబితే, మైకు ఒకసారి ఇటివ్వన్నా అని అడిగే ధైర్యం ఆ పిల్లలకు వస్తుంది.

ఆ ఆరో తరగతి పాపకు మేం బాకీపడ్డ జవాబు ఇదే. మనలాగ అంటే మన లాగనే బిడ్డా. ఈసారి మైకు నువ్వు పట్టుకో. మీ మేనమామ ఊరు ఎట్లాంటిదో బోటులో అందరికీ నువ్వే చెప్పు.