లీపాను వదిలొచ్చిన సిపాయి

‘అవతార్’ సినిమా చూసొచ్చినవాళ్లకు ఈ కథ కొట్టిన పిండి. యుద్ధంలో పక్షం మార్చిన సైనికుణ్ణి అడవి తెగ అక్కున చేర్చుకుంటుంది. ఆఖరికి ఆ తెగను గట్టెక్కించేదీ అతడే. చూడ్డానికి కమ్మగానే ఉంటుంది. అండమాన్‌లో నిజంగా జరిగింది వేరు.

దూధ్‌నాథ్ తివారీ 14వ బెంగాల్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ సిపాయి. 1857లో ఝీలంలో ఆ పటాలం తిరగబడింది. తిరుగుబాటు, కొలువు వదిలి పారిపోవడం అనే నేరాల మీద అతడికి యావజ్జీవ ద్వీపాంతరవాసం పడింది. 1858 ఏప్రిల్‌లో అండమాన్ చేరిన కొద్దిరోజులకే తోటి ఖైదీలతో కలిసి రాస్ దీవి నుంచి తెప్పల మీద పారిపోయాడు. అండమానీయుల బాణాలకు వాళ్లలో చాలామంది పోయారు. గాయాలతో ప్రాణభిక్ష అడిగిన తివారీని మాత్రం వాళ్లు పడవెక్కించుకుని వెళ్లి, గాయాలకు ఎర్రమట్టి పూశారు. కొన్నాళ్లకు పుతియా అనే పెద్దమనిషి తన కూతురు లీపానిచ్చాడు. జిగా అనే మరో పిల్లనూ కట్టబెట్టారు. అల్లుడికి ఇంతకన్నా ఏం మర్యాద చేస్తారు?

1859 మే 17న ఆ జనమే ఇంగ్లీషువాళ్ల స్థావరమైన అబర్డీన్ మీదికి దండెత్తబోతుంటే, అల్లుడు ముందుగా పరుగెత్తి వాళ్ల చెవిన వేశాడు. విల్లంబులకు ఎదురుగా తుపాకులు సిద్ధమయ్యాయి. అప్పటికి లీపా గర్భవతి. 1860లో అతడికి క్షమాభిక్ష దక్కింది.

ఒకడు ద్రోహం చేస్తే పక్షం మార్చినవాళ్లందరినీ అనాలా అని అడగొచ్చు. తివారీ బుద్ధిని కాసేపు పక్కనపెట్టి అతడి లెక్క చూడండి. పారిపోయి పట్టుబడ్డ 86 మందిని ఆ ఖైదీల స్థావరం సూపరింటెండెంట్ వాకర్ అంతకుముందే ఉరి తీయించాడు. ఉత్త చేతులతో తిరిగొస్తే తివారీకీ తాడే. అతడి దగ్గర అమ్ముకోవడానికి ఓ వార్త ఉంది, కొనేవాడున్నాడు. లీపా వాళ్లకు ఆ రెండూ లేవు. పైగా ఆ అడవి కాపురం గురించి మనకు తెలిసిందంతా తివారీ ఇచ్చిన వాంగ్మూలమే. ప్రాణం దక్కించుకున్నవాడి సాక్ష్యం అది.

అడవి జనానికి అండగా నిలిచిన బయటివాళ్లూ ఉన్నారు కదా అంటూ ఇక్కడ తెలుగువాళ్లు మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ పేరు ఎత్తుతారు. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రుదేశపు పాస్‌పోర్టుతో హైదరాబాద్ సంస్థానంలో చిక్కుబడిన ఆ ఆస్ట్రియన్‌ను మార్లవాయి గోండులు నేటికీ తలుచుకుంటారు. వాళ్ల భూమి పట్టాలకు, బడులకు అతడు పాటుపడ్డాడు, కాదనలేం. అయితే గోండులను లేపింది అతడు కాదు. 1940లో జోడేఘాట్‌లో తిరుగుబాటు నడిపిన గోండు నాయకుడు కుమురం భీం నేలకొరిగాకే, వాళ్ల కోపం దేనికో చూసి రమ్మని నిజాం సర్కారు అతణ్ణి ఆదిలాబాద్ అడవికి పంపింది.